నగర ఆరోగ్య అసమానతలు: అట్టడుగు వర్గాల భాగస్వామ్యం

నిర్వచనం, పరిధి

ఒకే నగరంలో ఉండే వేర్వేరు వర్గాల ప్రజల మధ్య ఆయుష్షులోను, రోగాల తాకిడిలోను, వైద్యం అందడంలోను కనిపించే తేడాల్లో తప్పించడానికి వీలున్నవాటిని నగర ఆరోగ్య అసమానతలు అంటారు. వయసుతో వచ్చే మోకాళ్ల నొప్పి ఈ కోవలోకి రాదు. మ్యాన్‌హోల్‌లోకి దిగిన కార్మికుడు విషవాయువు పీల్చి చనిపోవడం వస్తుంది. కుళాయి లేని వాడలో పసిపిల్లలకు మాటిమాటికీ విరేచనాలు పట్టుకోవడమూ వస్తుంది. బ్రిటిష్ పరిశోధకురాలు మార్గరెట్ వైట్‌హెడ్ 1990లో ప్రపంచ ఆరోగ్య సంస్థ యూరప్ విభాగం కోసం రాసిన పత్రంలో వీటిని అనవసరమైన, తప్పించదగిన, అన్యాయమైన తేడాలుగా నిర్వచించారు. నేటికీ చెలామణిలో ఉన్న నిర్వచనం అదే.

వీటిని తగ్గించే మార్గాలు చాలా ఉన్నాయి: ఆస్పత్రులు కట్టడం, బీమా పథకాలు పెట్టడం, మంచినీటి గొట్టాలు వేయడం. బస్తీవాసులు, పారిశుద్ధ్య కార్మికులు, చెత్త ఏరుకుని బతికేవారు, సెక్స్ వర్కర్లు, ట్రాన్స్‌జెండర్లు, వలస కూలీలు వంటివారిని వైద్యం పుచ్చుకునేవారిగానే చూడకుండా, కార్యక్రమాన్ని తీర్చిదిద్ది నడిపించేవారిగా చేర్చుకోవడం మరో మార్గం. ఈ వ్యాసం ఆ మార్గాన్ని ప్రధానంగా భారతీయ నగరాల అనుభవం నుంచి వివరిస్తుంది.

భాగస్వామ్యం పేరుతో జరిగేదంతా ఒకే స్థాయిలో ఉండదు. అమెరికన్ విధాన నిపుణురాలు షెర్రీ ఆర్న్‌స్టీన్ 1969లో దీన్ని ఎనిమిది మెట్లుగా విభజించారు. అట్టడుగు మెట్టున ప్రజలను పిలిచి కూర్చోబెట్టి, ముందే తీసుకున్న నిర్ణయాలకు ఒప్పిస్తారు. పై మెట్టున నిర్ణయమూ నిధులూ ప్రజల చేతిలోనే ఉంటాయి. బస్తీ సమావేశానికి ఎంతమంది వచ్చారన్నది ఈ కొలమానంలో లెక్కకు రాదు. ఆ సమావేశం దేన్ని మార్చగలిగిందన్నదే లెక్క.

అసమానతల స్వరూపం

2011 జనగణన ప్రకారం దేశంలో దాదాపు 6.5 కోట్ల మంది మురికివాడల్లో ఉన్నారు. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో ఆ సంఖ్య కోటి దాటింది. రాష్ట్ర పట్టణ జనాభాలో అది 36 శాతం, అప్పటికి దేశంలోనే అత్యధిక నిష్పత్తి. పది లక్షలు దాటిన నగరాల్లో మురికివాడల కుటుంబాల వాటా అన్నిటికంటే ఎక్కువగా ఉన్నది విశాఖపట్నంలో, 44.1 శాతం. రేవు, ఉక్కు కర్మాగారం, చమురుశుద్ధి కర్మాగారం ఉన్న ఆ నగరంలో దాదాపు సగం కుటుంబాలు కొండవాలుల్లోను, కాలువ గట్లమీద, పరిశ్రమల అంచుల్లోను బతుకుతున్నాయన్నమాట.

వాడల మధ్య తేడాలకు ముంబై మంచి ఉదాహరణ. దియోనార్ డంపింగ్ యార్డు, గోవండీ బస్తీలున్న ఎం-ఈస్ట్ వార్డు ఆ నగరపు 24 వార్డుల్లో మానవాభివృద్ధిలో అట్టడుగున ఉందని 2009 నాటి ముంబై మానవాభివృద్ధి నివేదిక తేల్చింది. దక్షిణ ముంబైలోని సంపన్న వార్డులూ ఇదీ ఒకే కార్పొరేషన్ కింద ఉన్నాయి, ఒకే బడ్జెట్ మీద నడుస్తున్నాయి.

కారణాలు వైద్యశాల బయట మొదలవుతాయి. గాలి ఆడని ఒంటిగది ఇల్లు క్షయను పెంచుతుంది. రేకుల కప్పు మే నెలలో వడదెబ్బకు దారితీస్తుంది. మధ్యాహ్నం వచ్చే ట్యాంకరు కోసం కూలి పోగొట్టుకున్న తల్లి టీకా రోజున మళ్లీ సెలవు పెట్టలేదు. వీటికి కులం, మతం, వలస, జెండర్ తోడవుతాయి. ఆధార్ చిరునామా మరో రాష్ట్రంలో ఉన్న అడ్డా కూలీకి ఊళ్లో ఉన్న హక్కుల్లో కొన్ని నగరంలో నడవవు. మైకేల్ మార్మోట్ అధ్యక్షతన ప్రపంచ ఆరోగ్య సంస్థ వేసిన కమిషన్ 2008 నివేదికలో వీటినే ఆరోగ్యాన్ని నిర్ణయించే సామాజిక అంశాలు అంది. వైద్యం ఎవరికి ఎక్కువ అవసరమో వారికే తక్కువగా అందుతుందన్న ‘విలోమ సంరక్షణ సూత్రాన్ని’ వేల్స్ బొగ్గుగనుల ప్రాంతంలో పనిచేసిన వైద్యుడు జూలియన్ ట్యూడర్ హార్ట్ 1971లోనే ప్రతిపాదించారు.

చరిత్ర

*ప్లేగు కాలపు కూల్చివేతలు*

1896లో బొంబాయిలో ప్లేగు విజృంభించినప్పుడు వలస ప్రభుత్వం బలప్రయోగానికి దిగింది. ఇళ్లలో చొరబడి సోదాలు చేయడం, రోగులను బలవంతంగా తరలించడం, సామాన్లు తగలబెట్టడం సాగాయి. 1897లో అంటువ్యాధుల చట్టం వచ్చింది. 1898లో ఏర్పడిన బొంబాయి ఇంప్రూవ్‌మెంట్ ట్రస్టు పేదల ఇరుకు ఇళ్లను పెద్దఎత్తున కూల్చింది. వారికి బదులు ఇళ్లు మాత్రం చాలినన్ని కట్టలేదు. హైదరాబాద్‌లో 1908 మూసీ వరదలు, కొన్నేళ్లకు వచ్చిన ప్లేగు తర్వాత 1912లో సిటీ ఇంప్రూవ్‌మెంట్ బోర్డు పుట్టింది. మురుగు పారుదల, వెడల్పాటి రోడ్లు, కొత్త కాలనీలు నగరానికి మేలు చేశాయి. ఎక్కడ ఉండాలో, ఎలా ఉండాలో ఇరుకు వాడల వాళ్లను అడిగే ఆనవాయితీ మాత్రం అప్పటికి లేదు.

*హైదరాబాద్ పట్టణ సముదాయాభివృద్ధి పథకం*

ఆ ఆనవాయితీ స్వాతంత్ర్యం తర్వాత మొదలైంది. 1958లో ఫోర్డ్ ఫౌండేషన్ సాయంతో ఢిల్లీలో తొలి పట్టణ సముదాయాభివృద్ధి ప్రయోగం జరిగింది. 1967లో హైదరాబాద్ మున్సిపల్ కార్పొరేషన్ ఇలాంటి పథకాన్నే చేపట్టింది. చాలా నగరాల్లో అలాంటివి అర్ధాంతరంగా ఆగిపోయినా హైదరాబాద్‌లో అది నిలిచి విస్తరించింది. సముదాయ సంఘటకులు బస్తీల్లో తిరిగి కమిటీలు ఏర్పాటు చేయించారు. ఏం కావాలో బస్తీవాళ్లే చెప్పారు: బాలవాడి, కుట్టు కేంద్రం, టీకాల శిబిరం, తల్లులకు పోషకాహారం. యూనిసెఫ్ తోడ్పాటు తర్వాత చేరింది. 1970ల్లో పట్టాలు, బ్యాంకు అప్పులు ఇప్పించి ఇళ్లు కట్టుకునే కార్యక్రమం కూడా దీనిలో భాగమైంది. ఇంటి స్థలం మీద హక్కుకూ ఆరోగ్యానికీ ఉన్న సంబంధాన్ని ఈ పథకం అంత ముందుగానే గుర్తించడం విశేషం. రేపో మాపో కూల్చేస్తారన్న భయం ఉన్నచోట ఎవరూ మరుగుదొడ్డి కట్టుకోరు.

1980ల నుంచి బ్రిటిష్ ప్రభుత్వ సాయంతో హైదరాబాద్, విశాఖపట్నం, విజయవాడల్లో మురికివాడల మెరుగుదల పథకాలు నడిచాయి. 1990ల్లో ప్రపంచ బ్యాంకు నిధులతో సాగిన ఎనిమిదో భారత జనాభా ప్రాజెక్టు బెంగళూరు, కలకత్తా, ఢిల్లీ, హైదరాబాద్‌లలో బస్తీ మహిళలనే లింకు వాలంటీర్లుగా తీసుకుంది. నేటి పట్టణ ఆశా కార్యకర్త వ్యవస్థకు మూలాలు అక్కడున్నాయి.

*అల్మా ఆటా నుంచి పట్టణ ఆరోగ్య మిషన్ దాకా*

1978 అల్మా ఆటా ప్రకటన ప్రాథమిక ఆరోగ్య సంరక్షణను ప్రణాళిక చేయడంలో, అమలు చేయడంలో పాల్గొనడం ప్రజల హక్కు, బాధ్యత అని చెప్పింది. భారతదేశంలో దాని ఛాయ మొదట పల్లెలమీదే పడింది. 2005లో వచ్చిన జాతీయ గ్రామీణ ఆరోగ్య మిషన్‌కు పట్టణ జోడు రావడానికి మరో ఎనిమిదేళ్లు పట్టింది. 2013 మే 1న కేంద్ర మంత్రివర్గం జాతీయ పట్టణ ఆరోగ్య మిషన్‌ను ఆమోదించింది.

వ్యవస్థ పనితీరు

మిషన్ నిబంధనల ప్రకారం సుమారు 50,000 జనాభాకు ఒక పట్టణ ప్రాథమిక ఆరోగ్య కేంద్రం ఉండాలి. 200 నుంచి 500 ఇళ్లకు ఒక ఆశా కార్యకర్త, 50 నుంచి 100 ఇళ్లకు ఒక మహిళా ఆరోగ్య సమితి ఉంటాయి. సమితికి ఏడాదికి రూ. 5,000 షరతులు లేని నిధి ఇస్తారు. దాన్ని పారిశుద్ధ్యానికి వాడాలా, అత్యవసరంగా ఒక గర్భిణిని ఆస్పత్రికి చేర్చడానికి వాడాలా అన్నది సమితిలోని మహిళలే తేల్చుకోవచ్చు. మొత్తం చిన్నదే. కానీ ప్రభుత్వ ఆరోగ్య వ్యవస్థలో బస్తీ మహిళలు తమంత తాముగా ఖర్చు పెట్టగల డబ్బు ఇదొక్కటే అయినచోట్లు చాలా ఉన్నాయి.

తెలుగు రాష్ట్రాల్లో పొదుపు సంఘాల అల్లిక దీనికి ముందే ఉంది. పట్టణ పేదరిక నిర్మూలన సంస్థ మెప్మా 2007లో ఏర్పడింది. వాడ స్థాయి సమాఖ్యలు, వాటిని నడిపే రిసోర్స్ పర్సన్లు (ఆర్‌పీలు) ఇంటింటి సమాచారం తెలిసినవాళ్లు. ఆశా కార్యకర్త, అంగన్‌వాడీ టీచరు, ఏఎన్‌ఎం, ఆర్‌పీ కలిసి కూర్చున్న వాడలో గర్భిణుల జాబితా ఒకటే ఉంటుంది. కూర్చోని వాడలో నాలుగు జాబితాలుంటాయి, నాలుగింటిలోనూ లేని ఇళ్లూ ఉంటాయి.

వైద్యాన్ని ఇంటి దగ్గరకు తేవడం మరో అంశం. ఢిల్లీలో 2015లో మొహల్లా క్లినిక్‌లు, హైదరాబాద్‌లో 2018 ఏప్రిల్‌లో బస్తీ దవాఖానాలు మొదలయ్యాయి. ఐదు నుంచి పది వేల జనాభాకు ఒకటి చొప్పున తలపెట్టిన బస్తీ దవాఖానాలో ఒక డాక్టరు, ఒక నర్సు, ఒక సహాయకురాలు ఉంటారు. మందులు, పరీక్షలు ఉచితం. ఇవి దూరాన్ని, ఖర్చును తగ్గించాయి. నిర్వహణలో స్థానికుల మాట ఎంత చెల్లుతుందన్నది మాత్రం వేరే ప్రశ్న.

ప్రైవేటు వైద్యులను కలుపుకోవడంలో హైదరాబాద్ అనుభవం ప్రపంచ సాహిత్యంలోకి ఎక్కింది. 1995లో మహావీర్ ఆస్పత్రి కేంద్రంగా, లక్ష జనాభాతో ఒక క్షయ నియంత్రణ ప్రయోగం మొదలైంది. బస్తీ జనం దగ్గుకు మొదట వెళ్లేది వీధి చివరి ప్రైవేటు డాక్టరు దగ్గరికే. ఆ డాక్టర్లు అనుమానం ఉన్న రోగులను ఆస్పత్రికి పంపితే, అక్కడ ఉచితంగా పరీక్షించి, రోగి ఇంటికి దగ్గర్లోని నర్సింగ్‌హోమ్‌లోనే మందు మింగించే ఏర్పాటు చేశారు. 1998లో దాన్ని ఐదు లక్షల జనాభాకు విస్తరించారు. రోగిని తనకు అనువుకాని చోటికి రప్పించకుండా, అతను అప్పటికే నమ్ముతున్న చోటును వ్యవస్థలో కలపడమే ఇందులోని కీలకం.

ప్రధాన పద్ధతులు

*తోటివారి ద్వారా: సోనాగాచి*

1992లో అఖిల భారత పరిశుభ్రత, ప్రజారోగ్య సంస్థకు చెందిన డాక్టర్ స్మరజిత్ జానా కలకత్తాలోని సోనాగాచిలో లైంగిక వ్యాధులు, హెచ్‌ఐవిపై ఒక కార్యక్రమం ప్రారంభించారు. అప్పటి ధోరణి సెక్స్ వర్కర్లను రోగవాహకులుగా చూసేది. జానా బృందం ఆ వృత్తిలో ఉన్న మహిళలనే తోటి విద్యాబోధకులుగా నియమించింది, యూనిఫారం, గుర్తింపు కార్డు, జీతం ఇచ్చింది. గౌరవం, గుర్తింపు, వారి మీద ఆధారపడటం అనే మూడు సూత్రాలను పని పద్ధతిగా పెట్టుకుంది.

పని మొదలయ్యాక అసలు అడ్డంకులు బయటపడ్డాయి. కండోమ్ వల్ల ప్రయోజనం ఏమిటో మహిళలకు త్వరగానే అర్థమైంది. కానీ వద్దన్న విటుణ్ణి తిప్పిపంపే స్తోమత వారికి లేదు. వడ్డీ వ్యాపారికి రోజువారీ కట్టాల్సిన అప్పు, గూండాల వసూళ్లు, పోలీసు దాడులు వారి చేతులు కట్టేశాయి. ఆరోగ్య కార్యక్రమం అలా అప్పులు, హింస వంటి సమస్యలనూ పట్టించుకోవాల్సి వచ్చింది. 1995లో దర్బార్ మహిళా సమన్వయ కమిటీ ఏర్పడింది. అదే ఏడాది ఉషా సహకార సంఘం పుట్టింది. సహకార చట్టంలో సభ్యులకు ‘సత్ప్రవర్తన’ ఉండాలన్న షరతు ఉండేది. ఆ షరతును అంగీకరించి తమ వృత్తిని దాచుకోవడానికి మహిళలు ఒప్పుకోలేదు; చివరికి ప్రభుత్వమే నిబంధన మార్చింది. 1999లో కార్యక్రమ నిర్వహణ మొత్తం దర్బార్ చేతికి వచ్చింది.

1992లో సుమారు 3 శాతంగా ఉన్న కండోమ్ వాడకం ఆ దశాబ్దం చివరికి 90 శాతం దగ్గరికి చేరింది. అదే కాలంలో ముంబైలో సెక్స్ వర్కర్లలో హెచ్‌ఐవి సగం మంది వరకు పాకగా, సోనాగాచిలో ఆ స్థాయికి ఎన్నడూ చేరలేదు. పోల్చి చూసే మరో వాడ లేదు కాబట్టి ఈ తేడా అంతా కార్యక్రమం ఫలితమేనా అన్న చర్చ నడిచింది. ఉత్తర బెంగాల్‌లోని రెండు చిన్న పట్టణాలను పోల్చి 2004లో ప్రచురించిన అధ్యయనంలో, సోనాగాచి పద్ధతి అమలైన పట్టణంలో కండోమ్ వాడకం 39 శాతం, అమలుకాని చోట 11 శాతం పెరిగింది. 2003లో ఆంధ్రప్రదేశ్ సహా ఆరు రాష్ట్రాల్లో మొదలైన ‘ఆవాహన్’ హెచ్‌ఐవి నివారణ కార్యక్రమం ఈ తరహా పనినే పెద్ద ఎత్తున చేపట్టింది.

*వృత్తి సంఘాలు*

పుణెలో 1993లో చెత్త ఏరుకునేవారు కాగద్ కాచ్ పత్ర కష్టకరీ పంచాయత్ అనే సంఘం పెట్టుకున్నారు. వారిలో ఎక్కువమంది దళిత మహిళలు. మొదట కార్పొరేషన్ ఆమోదించిన గుర్తింపు కార్డులు, తర్వాత ఆరోగ్య బీమా సాధించుకున్నారు. 2008లో ఏర్పడిన ‘స్వచ్ఛ్’ సహకార సంఘం ద్వారా ఇంటింటి చెత్త సేకరణ పని వారికే దక్కింది. కుప్పల్లో చేతులు పెట్టి ఏరడం నుంచి ఇంటి గుమ్మం దగ్గర వేరుచేసిన చెత్త తీసుకోవడానికి మారడమంటే కోతలు, కుక్కకాట్లు, చర్మవ్యాధులు తగ్గే పని పరిస్థితి రావడమే.

పాకీపని నిర్మూలన ఉద్యమానికి తెలుగు నేలతో గాఢమైన బంధముంది. కోలార్ బంగారు గనుల ప్రాంతంలో పుట్టిన బెజవాడ విల్సన్, ఐఏఎస్ అధికారి ఎస్.ఆర్. శంకరన్ తోడ్పాటుతో సఫాయి కర్మచారీ ఆందోళన్‌ను నిర్మించారు. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో ఎండు మరుగుదొడ్లను గుర్తించి కూల్పించే పని కార్మికులే చేశారు. వారు సేకరించిన ఆధారాలతో 2003లో వేసిన వ్యాజ్యంపై సుప్రీంకోర్టు 2014 మార్చిలో తీర్పిచ్చి, 1993 నుంచి మురుగు కాలువల్లో మరణించినవారి కుటుంబాలకు రూ. 10 లక్షల పరిహారం చెల్లించాలంది. 2023 అక్టోబరులో మరో తీర్పు దాన్ని రూ. 30 లక్షలు చేసింది. హైదరాబాద్ జలమండలి 2017లో దళిత పారిశ్రామికవేత్తల సంఘంతో కలిసి చిన్న జెట్టింగ్ యంత్రాలు ప్రవేశపెట్టింది. ఇరుకు సందుల్లో మనిషి దిగే అవసరాన్ని తగ్గించడం దాని ఉద్దేశం.

*సొంత లెక్కలు*

ప్రభుత్వ జాబితాలో లేని వాడకు నీళ్లు రావు, నర్సు రాదు. 1985లో స్పార్క్ సంస్థ బొంబాయి ఫుట్‌పాత్‌ల మీద బతికే కుటుంబాల సర్వే జరిపింది. ఆ పనిలో ఎదిగిన మహిళలే తర్వాత ‘మహిళా మిలన్’గా ఏర్పడి పొదుపులు, సామూహిక మరుగుదొడ్ల నిర్మాణం చేపట్టారు. అదే నగరంలో అనధికార బస్తీల జనం ‘పానీ హక్ సమితి’గా కోర్టుకెళ్లారు. ఇల్లు చట్టబద్ధమైనదా కాదా అన్నదానితో నీటి హక్కును ముడిపెట్టకూడదని 2014 డిసెంబరులో బొంబాయి హైకోర్టు చెప్పింది.

*సముదాయమే నడిపే వైద్యశాల*

హైదరాబాద్ నారాయణగూడలో 2021 జనవరిలో మొదలైన మిత్ర్ క్లినిక్ ట్రాన్స్‌జెండర్లు ట్రాన్స్‌జెండర్ల కోసం నడిపిన వైద్యశాల. ఓపీ చీటీ మీద ఏ పేరు రాయాలి, ఏ వరుసలో నిలబడాలి అన్న దగ్గరే అవమానం మొదలయ్యే ఆస్పత్రులకు దూరంగా ఉండిపోయినవారికి అక్కడ హార్మోన్ సలహా, హెచ్‌ఐవి పరీక్షలు, మానసిక ఆరోగ్య సేవలు ఒకే కప్పు కింద దొరికాయి. 2025 ఆరంభంలో అమెరికా విదేశీ సహాయం నిలిచిపోవడంతో అది మూతపడింది. తర్వాత దేశీయ దాతృత్వ నిధులతో ‘సబ్‌రంగ్’ పేరిట తిరిగి తెరిచారు.

*ఎండ నుంచి రక్షణ*

అహ్మదాబాద్‌లో 2010 మే నెల వడగాడ్పులకు సాధారణం కంటే 1,344 మరణాలు ఎక్కువగా నమోదయ్యాయి. 2013లో ఆ నగరం దక్షిణాసియాలోనే తొలి వడగాడ్పుల కార్యాచరణ ప్రణాళిక తెచ్చింది. స్వయం ఉపాధి మహిళల సంఘం ‘సేవా’ నుంచి పుట్టిన మహిళా హౌసింగ్ ట్రస్ట్ బస్తీ మహిళలకు శిక్షణనిచ్చి ఇళ్ల కప్పులకు తెల్ల రంగు వేయించింది. తెలంగాణ 2023లో కూల్ రూఫ్ విధానం ప్రకటించింది.

ఫలితాలపై ఆధారాలు

మహిళా బృందాల మీద జరిగిన రెండు పెద్ద ప్రయోగాలను పక్కపక్కన పెట్టి చదవాలి. ఝార్ఖండ్, ఒడిశా పల్లెల్లో ‘ఏక్‌జుట్’ సంస్థ నడిపిన బృందాల వల్ల నవజాత శిశు మరణాలు మూడేళ్లలో 32 శాతం తగ్గాయని 2010లో వెల్లడైంది. అదే పద్ధతిని ముంబైలో 48 మురికివాడల్లో ‘స్నేహ’ సంస్థ పరీక్షించింది. డాక్టర్ అర్మిడా ఫెర్నాండెజ్ 1999లో స్థాపించిన ఈ సంస్థకు బస్తీల్లో మంచి పేరుంది. అయినా 2012లో ప్రచురితమైన ఫలితాల్లో శిశు మరణాల్లో, ప్రసవ సంరక్షణలో చెప్పుకోదగ్గ తేడా కనిపించలేదు. నగరంలో చాలా ప్రసవాలు అప్పటికే ఆస్పత్రుల్లో జరుగుతున్నాయి, కుటుంబాలు తరచూ ఇళ్లు మారుతున్నాయి, ఒక సందులో వాళ్లకు పక్క సందు వాళ్లు తెలియరు. పల్లెలో పనిచేసిన పద్ధతి నగరంలో యథాతథంగా పనిచేయదని ఈ ప్రయోగం చూపింది. వైఫల్యాన్ని దాచకుండా ప్రచురించడం ఈ రంగానికి చేసిన గొప్ప మేలు.

నమ్మకం ఉన్నచోట అత్యవసర సమయంలో ఫలితం త్వరగా కనిపిస్తుంది. సుమారు రెండున్నర చదరపు కిలోమీటర్లలో లక్షల మంది బతికే ధారావిలో తొలి కొవిడ్ కేసు 2020 ఏప్రిల్ 1న బయటపడింది. కార్పొరేషన్ స్థానిక ప్రైవేటు డాక్టర్లను, స్వచ్ఛంద సంస్థలను కలుపుకుని ఇంటింటా జ్వర పరీక్షలు చేసింది, పాఠశాలలను క్వారంటైన్ కేంద్రాలుగా మార్చింది, భోజనం అందించింది. ఆ జులైలో ప్రపంచ ఆరోగ్య సంస్థ అధిపతి ధారావిని పేరుపెట్టి ప్రశంసించారు.

విమర్శలు, పరిమితులు

మొదటి విమర్శ వేతనాలది. సముదాయ భాగస్వామ్యం బరువు మోసేది ఎక్కువగా మహిళలు. ఆశా కార్యకర్తలను ప్రభుత్వం ఉద్యోగులుగా కాక గౌరవ వాలంటీర్లుగా లెక్కగడుతుంది, ప్రోత్సాహకాలు చెల్లిస్తుంది. రెండు తెలుగు రాష్ట్రాల్లో నిర్ణీత వేతనం కోసం వారు పదేపదే రోడ్డెక్కారు. ఈ డిమాండు పూర్తిగా న్యాయమైనది.

బస్తీలోనూ పెద్దలు, చిన్నలు ఉంటారన్నది రెండోది. కమిటీ కుర్చీల్లో సొంతిల్లు ఉన్నవారు, నాయకుల మనుషులు కూర్చుంటే అద్దెకున్నవారు, కొత్తగా వచ్చిన వలస కుటుంబాలు మళ్లీ బయటే ఉండిపోతారు. ఇక నిధులు ఒక విదేశీ సంస్థ నుంచే వస్తే ఏమవుతుందో మిత్ర్ క్లినిక్ చూపింది. బాధ్యతను ప్రజల మీదకు నెట్టి ప్రభుత్వం తప్పుకుంటుందన్న ఆక్షేపణ కూడా బలమైనదే: చేతులు కడుక్కోవాలని సమితి చెప్పగలదు, కుళాయిలో నీళ్లు రప్పించాల్సింది కార్పొరేషన్.

లెక్కల సమస్య

జాతీయ నమూనా సర్వే 2012 నాటి అంచనా ప్రకారం దేశంలోని మురికివాడల్లో 59 శాతం నోటిఫై కానివి. నీరు, కరెంటు, మరుగుదొడ్లు వీటిలోనే తక్కువ. జనగణన కూడా ఒక వాడను మురికివాడగా గుర్తించాలంటే కనీసం 300 జనాభా, లేదా సుమారు 60–70 ఇళ్లు ఉండాలంది. నాలా గట్టున ఉన్న ముప్పై గుడిసెలు, అపార్టుమెంటు కడుతున్న చోట రేకుల షెడ్లలో ఉండే కూలీ కుటుంబాలు ఆ కొలతకు అందవు. 2021 జనగణన కొవిడ్‌తో వాయిదాపడింది. తదుపరి గణనకు 2027 మార్చి 1ని ప్రామాణిక తేదీగా ప్రకటించారు. ఆ లెక్కలు వచ్చేదాకా ఏ వాడకు ఆరోగ్య కేంద్రం కావాలి, ఏ ఆశా కార్యకర్త కింద ఎన్ని ఇళ్లుండాలి అన్న నిర్ణయాలు 2011 నాటి అంకెల మీద, ఆ వాడల్లో తిరిగే మహిళలు చేత్తో రాసుకున్న జాబితాల మీద నడుస్తాయి.